నాసర్ - అరబ్బుల ఆత్మగౌరవ స్వరం

పాఠ్యభాగ పరిచయం

రెండో ప్రపంచయుద్ధానంతరం ఆసియా, ఆఫ్రికా ఖండాలలో అనేక దేశాలు పరాయిపాలన నుండి విముక్తి పొందాయి. ఆ కాలంలో అరబ్బు ప్రజల ఆశలకు ప్రతీకగా నిలిచిన నాయకుడు గమాల్ అబ్దుల్ నాసర్. ఆయన విజయాలతోపాటు వైఫల్యాలను కూడా విద్యార్థులు నిష్పాక్షికంగా పరిశీలించాలన్నది ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నాసర్ 1918 జనవరి 15న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో జన్మించాడు. తండ్రి తపాలాశాఖలో చిరుద్యోగి. 1922లో ఈజిప్టుకు స్వాతంత్ర్యం లభించినా అది నామమాత్రమే. సింహాసనంపై రాజు ఉన్నా, బ్రిటిష్ సైన్యం దేశాన్ని వీడలేదు. సారవంతమైన భూములలో అధికభాగం కొద్దిమంది భూస్వాముల అధీనంలో ఉండేది. నైలునది ఒడ్డున చెమటోడ్చే రైతుకు మిగిలింది పేదరికమే. ఈ దుఃస్థితిని చూస్తూ పెరిగిన నాసర్ విద్యార్థి దశలోనే బ్రిటిష్ వ్యతిరేక ప్రదర్శనలలో పాల్గొన్నాడు. 1938లో సైనికాధికారి అయ్యాడు.

1948 పాలస్తీనా యుద్ధంలో ఆయన దళం ఫలూజా వద్ద నెలల తరబడి శత్రువుల ముట్టడిలో చిక్కుకుంది. తమ ఓటమికి మూలం రణరంగంలో కాక, కైరోలోని అవినీతి పాలనలో ఉన్నదని ఆయన విశ్వసించాడు. ‘స్వేచ్ఛా అధికారులు’ అనే రహస్య సంఘానికి నాయకత్వం వహించాడు. 1952 జూలై 23న ఆ సంఘం అధికారాన్ని హస్తగతం చేసుకుంది. మూడు రోజులకే ఫారూక్ రాజు సింహాసనాన్ని త్యజించి, ఓడనెక్కి దేశం విడిచిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన భూసంస్కరణ చట్టం ఒక్కొక్కరి సాగుభూమికి 200 ఫెడాన్ల పరిమితి విధించింది. ఫెడాన్ అంటే ఎకరం కంటె కొంచెం ఎక్కువ. 1953లో ఈజిప్టు గణతంత్రమయింది. 1956లో నాసర్ దేశాధ్యక్షుడయ్యాడు.

నైలునదిపై ఆస్వాన్ వద్ద మహా ఆనకట్ట నిర్మించాలన్నది నాసర్ సంకల్పం. అందుకు సహాయం చేస్తామన్న అమెరికా 1956 జూలై 19న మాట తప్పింది. ఆ సమయంలో ఆయన యుగోస్లావియాలో టిటోను కలుసుకొని, నెహ్రూతో కలిసి కైరోకు తిరిగివస్తున్నాడు. వారం రోజులకు, జూలై 26న, అలెగ్జాండ్రియాలో అశేష జనసమూహం ఎదుట ఉపన్యసిస్తూ, సూయజ్ కాలువను తవ్వించిన ‘లెసెప్స్’ పేరును పలుమార్లు ఉచ్చరించాడు. అది సంకేతపదం! అది వినగానే ఆయన మనుషులు కాలువ కంపెనీ కార్యాలయాలను స్వాధీనం చేసుకున్నారు. కాలువ జాతీయం అయిందని, వాటాదారులకు పరిహారం చెల్లిస్తామని నాసర్ ప్రకటించాడు.

అక్టోబరు 29న ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టుపై దాడి చేశాయి. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ఆ దాడిని వ్యతిరేకించాయి. ఆక్రమణ సేనలు వెనుదిరగక తప్పలేదు. ఐక్యరాజ్యసమితి పంపిన శాంతిసేనలో భారత సైనికులూ ఉన్నారు. యుద్ధరంగంలో నష్టపోయినా నాసర్ కాలువను నిలుపుకున్నాడు. కైరో రేడియో ద్వారా ఆయన కంఠం అరబ్బు దేశాలన్నింటా మారుమోగింది. 1958లో సిరియా ఈజిప్టుతో ఏకమైంది. కాని కైరో పెత్తనాన్ని సహించలేక 1961లో విడిపోయింది. అదే సంవత్సరం బెల్‌గ్రేడ్‌లో జరిగిన తొలి అలీన దేశాల సదస్సుకు నాసర్ మూలస్తంభాలలో ఒకడు.

అయితే పరాయి పెత్తనాన్ని ధిక్కరించిన నాసర్, స్వదేశంలో విమర్శను సహించలేకపోయాడు. 1953లోనే రాజకీయ పక్షాలు నిషేధానికి గురయ్యాయి. వేలాది ప్రత్యర్థులు చెరసాలల పాలయ్యారు. 1960లో పత్రికలు ప్రభుత్వ అదుపులోకి వచ్చాయి. పాలకుని పొరపాటును నిర్భయంగా చెప్పగల గొంతులు మూగబోయాయి.

దీని ఫలితం 1967లో తెలిసింది. సైన్యంలో కొంతభాగం యెమెన్ యుద్ధంలో చిక్కుకొని ఉండగానే, మే నెలలో నాసర్ శాంతిసేనను పంపివేసి, తిరాన్ జలసంధిని ఇజ్రాయెల్ నౌకలకు మూసివేశాడు. జూన్ 5 ఉదయం ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్టు వైమానిక బలంలో అధికభాగాన్ని నేలమీదనే ధ్వంసం చేశాయి. కైరో రేడియో మాత్రం లేని విజయాలను చాటుతూనే ఉంది. ఆరు రోజులలో సినాయ్ అంతా చేజారింది. జూన్ 9న నాసర్ బాధ్యత వహించి రాజీనామా ప్రకటించాడు. లక్షలాది ప్రజలు వీధులలోకి వచ్చి ఆయనే కావాలన్నారు. మరునాడు ఆయన రాజీనామాను ఉపసంహరించుకున్నాడు.

1970 సెప్టెంబరు 28న, జోర్డాన్ రాజుకు, పాలస్తీనా పోరాటదళాలకు సంధి కుదిర్చిన మరునాడే, నాసర్ 52 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించాడు. ఆస్వాన్ ఆనకట్ట నిర్మాణం అప్పటికి రెండు నెలల క్రితమే పూర్తయింది. అది వరదలను అరికట్టి, విద్యుత్తును, నీటిని ఇచ్చింది. వేలాది నుబియన్లను నిర్వాసితులను చేసింది. నాసర్ జీవితమూ అటువంటిదే. జాతికి తలయెత్తి నిలిచే ధైర్యాన్ని ఇచ్చిన నాయకుడు, ఆ జాతి తనను ప్రశ్నించే ధైర్యాన్ని కూడా కాపాడాలి. మొదటిదానిని నాసర్ సాధించాడు. రెండవదానిని కాపాడలేకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని దేశం భరించింది.

కఠిన పదాలు - అర్థాలు

త్యజించు = విడిచిపెట్టు
అలీన = ఏ కూటమిలోనూ చేరని
జలసంధి = రెండు సముద్ర భాగాలను కలిపే సన్నని నీటిదారి
నిర్వాసితులు = ఉన్నచోటు కోల్పోయినవారు

ప్రశ్నలు

1. సూయజ్ కాలువ జాతీయీకరణకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. 1967 పరాజయానికి, విమర్శను అణచివేయడానికి గల సంబంధాన్ని చర్చించండి.
3. నాసర్ జీవితాన్ని ఆస్వాన్ ఆనకట్టతో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?