ఒక్క టోకెన్, ఎన్నో రైళ్లు: పైథాన్ సభల్లో నలిగిన ఒక చిక్కు

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. ఇందాలో అయినా, రైల్వే కాలనీల్లో అయినా, అలాంటి ఇళ్లలో ‘సింగిల్ లైన్ టోకెన్’ అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు స్టేషన్ల మధ్య ఒకే లైను ఉన్నచోట ఒక లోహపు గోళం డ్రైవరు చేతికి వస్తేనే బండి కదలాలి. పెట్టెలో గోళాలు ఎన్ని ఉన్నా ఒకసారికి ఒక్కటే బయటికి వస్తుంది. అందువల్ల ఎదురెదురుగా రెండు బండ్లు రావడం అసాధ్యం. భద్రతకు లోటు లేదు, కాకపోతే మిగతా బండ్లన్నీ నిలబడాలి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అచ్చం ఇలాంటి టోకెనే ఒకటి మూడు దశాబ్దాలుగా పనిచేస్తోంది. దాని పేరు గ్లోబల్ ఇంటర్‌ప్రిటర్ లాక్, పొట్టిగా గిల్. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్న వాదన ఆ భాషను తయారుచేసేవారి సభల్లో ఏళ్ల తరబడి సాగింది. ప్రోగ్రామింగ్ భాషల సభల వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ఈ ఒక్క కథ చాలు.

సభ అంటే ఏమిటి?

పైథాన్‌ను గిడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారుచేసి 1991లో విడుదల చేశాడు. 1994 నవంబరులో అమెరికాలోని గేథర్స్‌బర్గ్‌లో ఆ భాష వాడేవారి తొలి సమావేశం జరిగినప్పుడు వచ్చినవారు సుమారు ఇరవై మంది. 2003 నుంచి అది ‘పైకాన్’ పేరుతో పెద్ద సభ అయింది. మన దేశంలో తొలి పైకాన్ ఇండియా 2009 సెప్టెంబరులో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జరిగింది. హైదరాబాదు రెండుసార్లు ఆతిథ్యమిచ్చింది: 2018లో హెచ్‌ఐసీసీలో, 2023లో జేఎన్‌టీయూ ప్రాంగణంలో.

ఈ సభల నడక మామూలు శాస్త్ర సదస్సుల కంటే కొంచెం వేరు. ఎవరైనా ప్రసంగాంశం పంపవచ్చు, డిగ్రీ అడగరు. ఎంపికైన ప్రసంగాలు, కీలకోపన్యాసాలు, చేతులతో చేసి నేర్చుకునే వర్క్‌షాపులు ఉంటాయి. అయిదు నిమిషాల ‘మెరుపు ప్రసంగాలు’ వేరు. అక్కడ గంట మోగితే మాట మధ్యలో ఉన్నా దిగిపోవాల్సిందే. చివర్లో ‘స్ప్రింట్’ ఉంటుంది. పాతకాపులూ కొత్తవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భాషలోనో, దాని గ్రంథాలయాల్లోనో ఉన్న లోపాలను అప్పటికప్పుడు సరిచేస్తారు. చూసేవారికి సందడంతా వేదిక మీదే కనిపిస్తుంది గానీ, కొత్త కుర్రవాడికి ఎక్కువ మేలు చేసేది ఈ చివరి బల్లే. ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థుల ఓపెన్ సోర్స్ సొసైటీ నడిపే ‘ఖరగ్‌పూర్ వింటర్ ఆఫ్ కోడ్’ ఉద్దేశమూ అదే: ఇతరులు రాసిన ప్రోగ్రాములో మొదటిసారి చేయి పెట్టే ధైర్యం ఇవ్వడం.

టోకెన్ ఎందుకు పెట్టారు?

పైథాన్‌లో ప్రతి అంకెకూ, ప్రతి జాబితాకూ, ప్రతి పదానికీ పక్కనే ఒక లెక్క ఉంటుంది: దీన్ని ప్రస్తుతం ఎన్నిచోట్ల వాడుతున్నారు? లెక్క సున్నా కాగానే ఆ వస్తువు ఉన్న జాగాను ఖాళీ చేసి మరొకదానికి ఇచ్చేస్తారు. ప్రోగ్రాము ఒకే దారిలో నడిచినంతకాలం దీనితో ఇబ్బంది లేదు. ఒకే ప్రోగ్రాములో రెండు మూడు దారులు, అంటే ‘థ్రెడ్లు’, ఏకకాలంలో నడిస్తేనే చిక్కు.

లెక్క 1 ఉందనుకుందాం. రెండు థ్రెడ్లు ఒకే క్షణంలో ఆ 1ని చదివాయి. రెండూ ఒకటి కలిపి 2 అని రాశాయి. నిజానికి వాడుకుంటున్నవారు ముగ్గురు, లెక్కలో ఇద్దరే. ఇద్దరు పని ముగించి వెళ్లగానే లెక్క సున్నా అవుతుంది. మూడోవాడు ఇంకా వాడుతుండగానే కాళ్ల కింద నేల లాగేస్తారు. ప్రోగ్రాము కూలవచ్చు. కూలకుండా తప్పుడు జవాబు ఇస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ తప్పు ఎవరి కంటా పడదు.

దీనికి సులువైన విరుగుడు గిల్. టోకెన్ ఉన్న థ్రెడ్ మాత్రమే పైథాన్ ఆజ్ఞలు నడుపుతుంది. 1990లలో కంప్యూటర్లకు సాధారణంగా ఒక్కటే ప్రాసెసర్ ఉండేది కాబట్టి ఎవరికీ నష్టం అనిపించలేదు. ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు వచ్చాకే అసలు సంగతి బయటపడింది.

పంచుకుంటే పెరిగిన పని

2010లో అట్లాంటాలో జరిగిన పైకాన్‌లో డేవిడ్ బీజ్లీ ఒక చిన్న ప్రయోగం చూపించాడు. పది కోట్ల నుంచి సున్నా దాకా వెనక్కి లెక్కించే పని. నాలుగు కోర్ల యంత్రంలో ఒక్క థ్రెడ్‌తో 7.8 సెకన్లు పట్టింది. అదే పనిని సగం సగం రెండు థ్రెడ్లకు పంచితే 15.4 సెకన్లు పట్టింది. ఇద్దరు కలిసి చేస్తే పని రెట్టింపైంది! ఒక్క కోరు మాత్రమే ఉంచి మిగతావి ఆపేస్తే అదే రెండు థ్రెడ్లకు 11.3 సెకన్లే. అంటే యంత్రం శక్తి తగ్గిస్తే ప్రోగ్రాము వేగం పెరిగింది.

కారణం టోకెన్ చేతులు మారే పద్ధతిలో ఉంది. నడుస్తున్న థ్రెడ్ కొన్ని ఆజ్ఞలకోసారి టోకెన్ కింద పెట్టి, ఎదురుచూసేవారికి కబురు పంపేది. మరో కోరు మీద నిద్రపోతున్న థ్రెడ్ లేచి వచ్చేలోగా మొదటిదే మళ్లీ టోకెన్ తీసుకునేది. లేచింది మళ్లీ పడుకునేది. ఇలా వేలసార్లు జరిగితే ఆ లేవడం, పడుకోవడమే పెద్ద పనైపోయింది.

ఆంట్వాన్ పిట్రూ ఈ పద్ధతిని మార్చి రాసిన కొత్త గిల్ 2011లో పైథాన్ 3.2తో వచ్చింది. టోకెన్ కావాలనుకున్న థ్రెడ్ 5 మిల్లీసెకన్లు ఆగి అడుగుతుంది, ఉన్నది వదులుతుంది, రెండోది నిజంగా అందుకున్నాకే ముందుకు పోతుంది. ఊగిసలాట తగ్గింది. అయినా టోకెన్ మాత్రం ఒక్కటే.

చెన్నైలో మరో దారి

ఆ బీజ్లీయే 2019 అక్టోబరులో చెన్నై పైకాన్ ఇండియాకు వచ్చాడు. కీలకోపన్యాసంలో వెబ్ అసెంబ్లీ ఆజ్ఞలను నడిపే యంత్రాన్ని ప్రేక్షకుల ముందే, అక్కడికక్కడ టైపు చేస్తూ పైథాన్‌లో కట్టాడు. మర్నాటి వర్క్‌షాపు ‘మీ ఎసింక్‌ను మీరే కట్టుకోండి’. గిల్‌తో కాపురం చేస్తూనే వందల పనులను ఒకేసారి చూసుకునే ఉపాయం అది. ప్రతి పనీ తనకు ఎదురుచూపు వచ్చినప్పుడు, ఉదాహరణకు నెట్‌వర్కు నుంచి జవాబు రావాల్సి ఉన్నప్పుడు, తనంతట తానే లూప్ లైనులోకి తప్పుకుని రెండోదానికి దారి ఇస్తుంది. ఎదురుచూపులే ఎక్కువైన పనులకు ఇది చక్కగా సరిపోతుంది. వాతావరణ నమూనాలు, జన్యు విశ్లేషణ వంటి ఎడతెగని లెక్కలకు మాత్రం ఉపయోగపడదు, అక్కడ తప్పుకునే తీరికే ఉండదు.

చిన్న తాళాలు, ఎక్కువ దారులు

గిల్‌ను తీసేయడం కొత్త ఆలోచన కాదు. 1990లలోనే గ్రెగ్ స్టీన్ తీసి చూపించాడు, కానీ ఒక్క థ్రెడ్ ప్రోగ్రాములు సుమారు రెండింతలు నెమ్మదించాయి. ఒక్క థ్రెడ్ వేగం తగ్గనంత వరకే ఎవరి మార్పునైనా స్వాగతిస్తానని గిడో 2007లో స్పష్టం చేశాడు. 2016 పైకాన్‌లో లారీ హేస్టింగ్స్ ‘గిలెక్టమీ’ పేరుతో మరో ప్రయత్నం వినిపించాడు, అదీ వేగం దగ్గరే తడబడింది. గిడో షరతు కఠినంగా కనిపించినా న్యాయమైనదే. పైథాన్ వాడేవారిలో అత్యధికులకు ఒక్క థ్రెడ్డే చాలు, కొందరి కోసం అందరూ మూల్యం చెల్లించడం ఎందుకు?

దారి చూపినవాడు శామ్ గ్రాస్. 2021లో అతను బయటపెట్టిన నమూనాకు ఆధారం, ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రతిపాదించిన ఒక పద్ధతి. వస్తువుల్లో చాలావాటిని పుట్టించిన థ్రెడ్ తప్ప మరొకటి ముట్టుకోదు. కాబట్టి సొంతదారుకు ఒక లెక్క, బయటివారికి మరొక లెక్క పెడతారు. సొంతదారు తాళం లేకుండా త్వరగా రాసుకుంటాడు, జాగ్రత్తతో వచ్చే ఆలస్యం బయటివారికే. జాబితాల వంటి వాటికి వేటికవే చిన్న తాళాలు ఉంటాయి.

దీనికీ ఖరగ్‌పూర్‌లోనే పోలిక ఉంది. 2017 నవంబరులో ఆ స్టేషనుకు వచ్చిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 దారులను చూసుకోగలదు. అంతకుముందున్న రిలే వ్యవస్థకు 423 దారులే. ఒక బండికి దారి ఇచ్చినప్పుడు యార్డు మొత్తం ఆగదు, ఆ దారికి అడ్డుపడే పాయింట్లు మాత్రమే బిగుసుకుంటాయి. మిగతా దారుల్లో బండ్లు నడుస్తూనే ఉంటాయి.

గ్రాస్ ప్రతిపాదన 2023 ఏప్రిల్‌లో సాల్ట్ లేక్ సిటీ పైకాన్‌లో భాషా నిర్మాతల ముందు చర్చకు వచ్చింది, అదే ఏడాది అక్టోబరులో ఆమోదం పొందింది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో గిల్ లేని పైథాన్ ప్రయోగాత్మకంగా వెలువడింది. ఒక్క థ్రెడ్ పనుల్లో సుమారు 40 శాతం నెమ్మది. ఏడాది తర్వాత 3.14లో ఆ లోటు 5 నుంచి 10 శాతానికి దిగింది, ‘ప్రయోగాత్మకం’ అన్న ముద్రా తొలగింది. అయినా కోరుకున్నవారికే అది, మామూలుగా దించుకుంటే గిల్ ఉన్నదే వస్తుంది.

ఇక మిగిలినది గ్రంథాలయాల వంతు. సీ భాషలో రాసిన వేల గ్రంథాలయాలు టోకెన్ ఉందన్న భరోసాతోనే పుట్టాయి. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, గిల్ లేకున్నా క్షేమమేనని వాటి రచయితలు గుర్తు పెట్టాలి. ఆ గుర్తు లేని గ్రంథాలయాన్ని గిల్ లేని పైథాన్‌లో పిలిస్తే, అది ఒక హెచ్చరిక చూపి పాత టోకెన్‌ను తనంతట తానే మళ్లీ అమల్లోకి తెస్తుంది.