చలికాలం నారుకు ఎండ గది: ఇంటి దగ్గరే చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకునే పాఠం

ఈ పాఠం ఎవరికి?

ఏజెన్సీ, కొండ ప్రాంతాల్లో కూరగాయలు పండించే రైతులకు, పెరటి తోటలు పెంచే పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు. ముఖ్యంగా పాడేరు, అరకు, చింతపల్లి, లంబసింగి వైపు వాళ్ళకు, అలాగే ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో చలి ఎక్కువగా ఉండే ఊళ్ళ వాళ్ళకు. ఫోన్‌లో దాచుకోండి. చదవడం రాని వాళ్ళకు సంఘం మీటింగులో ఒకరు చదివి వినిపించండి.

సమస్య ఏమిటి?

డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ప్రాంతాల్లో తెల్లవారుజామున చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. లంబసింగి, చింతపల్లి లాంటి చోట కొన్ని రోజులు 5 డిగ్రీల లోపుకు కూడా పోతుంది. పగలు ఎండ బాగానే ఉంటుంది. కానీ ఆ వేడి రాత్రికి నిలవదు.

టమాటా విత్తనాన్నే తీసుకోండి. మట్టి 25 డిగ్రీల వెచ్చగా ఉంటే సుమారు వారంలో మొలక పైకి వస్తుంది. 15 డిగ్రీలైతే రెండు వారాలు పడుతుంది. 10 డిగ్రీలైతే నెల దాటినా రాకపోవచ్చు, ఈలోగా సగం విత్తనం మట్టిలోనే కుళ్ళిపోతుంది. మిరప, వంగ, క్యాప్సికం కూడా చలికి తట్టుకోలేవు. హైబ్రిడ్ విత్తనం ప్యాకెట్ ఎంత ఖరీదో మీకు తెలుసు. అది మొలవకపోతే డబ్బూ పోతుంది, సీజనూ పోతుంది. కింది నుంచి నారు కొని తెచ్చుకుంటే బండి ఖర్చు అదనం, దారిలో వాడిపోయేది వేరు.

ఇందుకు కరెంటు హీటరు అక్కర్లేదు. పగటి ఎండను పట్టి, రాత్రికి దాచి ఇచ్చే చిన్న గది చాలు. దీన్నే సోలార్ గ్రీన్‌హౌస్ అంటారు. ఇందులో మోటారు లేదు, ఫ్యాను లేదు, సోలార్ పలక కూడా లేదు.

ముందు ఒక మాట అర్థం చేసుకోండి

చాలామంది గ్రీన్‌హౌస్ అంటే ప్లాస్టిక్ అనుకుంటారు. ప్లాస్టిక్ పని ఎండను లోపలికి రానివ్వడం, వేడిగాలిని బయటికి పోనివ్వకపోవడం. అంతే. వేడిని దాచుకునే శక్తి దానికి లేదు. ఒట్టి ప్లాస్టిక్ గుడారం మధ్యాహ్నం పొయ్యిలా మండుతుంది, తెల్లారేసరికి బయట ఎంత చలి ఉందో లోపల కూడా దాదాపు అంతే ఉంటుంది.

వేడిని దాచేవి రెండు: మట్టిగోడ, నీళ్ళు. మన మట్టి ఇళ్ళు చలికాలం రాత్రి వెచ్చగా ఎందుకుంటాయి? పగలు గోడకు పట్టిన వేడి మెల్లగా లోపలికి దిగి, పొద్దుపోయాక మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి. నీళ్ళు మట్టి కంటే ఇంకా ఎక్కువ వేడి దాస్తాయి. 400 లీటర్ల నీళ్ళు పగలు 8 డిగ్రీలు వేడెక్కి రాత్రి మళ్ళీ చల్లారితే, అవి ఇచ్చే వేడి మూడున్నర యూనిట్ల కరెంటుకు పైనే. అంటే 1,000 వాట్ల హీటరు మూడున్నర గంటలకు పైగా వెలిగినట్టు. బిల్లు మాత్రం రాదు.

ఇక మూడోది కిటికీ. దాని సంగతి కింద చూద్దాం. నారు బతకడం, చావడం దాని మీదే ఉంది.

చోటు ఎలా ఎంచుకోవాలి?

1. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి గది వాలు కప్పు దక్షిణం వైపు చూడాలి. దిక్కు సరిగ్గా తెలియాలంటే నేలలో ఒక కర్ర నిటారుగా పాతండి. మధ్యాహ్నం ఆ కర్ర నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు అది చూపించేదే ఉత్తరం. దానికి ఎదురు దక్షిణం.

2. దక్షిణం వైపు చెట్లుంటే, చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో కట్టండి. 20 అడుగుల సిల్వర్ ఓక్ ఉంటే 40 అడుగులు జరగాలి. లేకపోతే ఉదయం ఎండ అందదు.

3. నీళ్ళు నిలిచే పల్లం వద్దు. చల్లగాలి కూడా రాత్రి పల్లంలోకే దిగుతుంది. కాస్త మెరక మీద, ఇంటికి దగ్గరగా ఉండాలి. రోజూ రెండుసార్లు వెళ్ళి చూడాల్సిన గది ఇది.

కొలతలు

తూర్పు పడమరలుగా 12 అడుగుల పొడవు, ఉత్తర దక్షిణాలుగా 8 అడుగుల వెడల్పు. ఉత్తరం వైపు ఎత్తు ఏడున్నర అడుగులు, దక్షిణం వైపు 2 అడుగులు. ఇలా కడితే కప్పు వాలు సుమారు 35 డిగ్రీలు వస్తుంది. మన ప్రాంతంలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అందుకే ఈ వాలు మీద ఎండ దాదాపు నిటారుగా పడుతుంది.

ఏమేం కావాలి?

• వెదురు బొంగులు: వాసాలకు 11 అడుగులవి 7, ఇంకా గుంజలకు, అడ్డ బద్దలకు, బల్లకు
• పునాదికి రాళ్ళు, గోడకు మట్టి, గడ్డి, పేడ
• ఎండకు పాడవని 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు, 14 అడుగులకు 13 అడుగులు (కొట్లో "యూవీ షీటు" అని అడగండి, మామూలు టార్పాలిన్, ఎరువుల సంచుల ప్లాస్టిక్ పనికిరావు)
• 20 లీటర్ల మూత ఉన్న డబ్బాలు 20, నల్ల రంగు (పురుగుమందు డబ్బాలు వాడకండి)
• కిటికీలకు పురుగులు దూరని 40 మెష్ వల
• రాత్రి కప్పడానికి గోనెపట్టాలు లేదా గడ్డి చాపలు
• ఒక థర్మామీటరు

కట్టే విధానం

మొదట ఉత్తర గోడ. అడుగున్నర లోతు రాతి పునాది వేసి, అడుగు మందంతో మట్టిగోడ ఆరున్నర అడుగుల ఎత్తు లేపండి. లోపలి వైపు ఎర్రమట్టి పూయండి, ముదురు రంగు ఎండను బాగా పీల్చుకుంటుంది. బయటి వైపు గడ్డి కట్టలు లేదా తడిక ఆనించండి, దాచిన వేడి వెనక నుంచి పోకుండా ఆపుతుంది. వాసాలు గోడ దాటి అడుగు బయటికి ఉండేలా చూసుకుని, ఆ చూరు మీద గడ్డి కప్పండి. వానకు గోడ తడవదు.

గోడ పైన, కప్పు కింద మిగిలిన అడుగు సందే పై కిటికీ. 10 అడుగుల పొడవునా పైకి ఎత్తి దించే చెక్క రెక్కలు పెట్టండి.

దక్షిణం వైపు అడుగు ఎత్తు రాతి కట్ట కట్టండి. దాని మీద మిగిలిన అడుగు సందులో, పైకి చుట్టగలిగే ప్లాస్టిక్ తెర వేలాడదీయండి. ఇది కింది కిటికీ. రెండు కిటికీలకూ వల బిగించండి.

తూర్పు, పడమర పక్కలకు తడికలు కట్టి మట్టి మెత్తండి. తూర్పు వైపు, గోడకు దగ్గరగా తలుపు పెట్టండి.

రెండేసి అడుగులకు ఒక వాసం చొప్పున 7 వాసాలు వేసి, వెదురు కణుపుల ముళ్ళు నున్నగా చెక్కండి. ముల్లు ఉంటే షీటు మొదటి గాలివానకే చిరుగుతుంది. షీటును ఎండ పొద్దున వేయండి, చలిలో వేస్తే తర్వాత వదులవుతుంది. పైనుంచి తాళ్ళు అడ్డంగా కట్టి నేలలో గుంజలకు బిగించండి.

లోపల అమరిక ఇలా: ఉత్తర గోడను ఆనుకుని నీళ్ళ డబ్బాలు రెండు వరుసలు, వరుసకు పది. తర్వాత రెండడుగుల నడక దారి. ఆపైన మూడున్నర అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు వెదురు బల్ల. ఈ బల్ల మీద 98 గుంతల ప్రోట్రేలు 20 పడతాయి. అంటే ఒకసారికి 1,960 మొక్కలు. మీ పెరటికి, పొలానికి పోగా మిగిలింది పక్కవాళ్ళకు అమ్ముకోవచ్చు.

రోజూ చేయాల్సిన పని

• ఉదయం ఎండ పడగానే గోనెపట్టాలు తీయండి.
• లోపల 25 డిగ్రీలు దాటితే పై కిటికీ తెరవండి. 30 దాటితే కింది తెర కూడా చుట్టండి. చల్లగాలి కింది నుంచి వస్తుంది, వేడిగాలి పైనుంచి పోతుంది.
• సాయంత్రం 4 గంటల ప్రాంతంలో రెండూ మూసేయండి. చీకటి పడకముందే గోనెపట్టాలు కప్పండి.
• నీళ్ళు ఉదయం పూటే పోయండి. వాగు నీళ్ళు కాకుండా డబ్బాలో వెచ్చబడ్డ నీళ్ళు వాడి, మళ్ళీ నింపి మూత పెట్టండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి: బయట చలిగా ఉన్నా, కిటికీలు మూసిన గదిలో మధ్యాహ్నానికి వేడి 45 డిగ్రీలు దాటగలదు. ఒక్క రోజు తెరవడం మరిచిపోతే నెల రోజుల నారు ఒక్క పూటలో మాడిపోతుంది. సంతకో, కూలికో పోయే రోజున ఇంట్లో ఎవరు తెరుస్తారో ముందే చెప్పి వెళ్ళండి. ఎవరూ లేకపోతే కిటికీలు సగం తెరిచే వెళ్ళండి. కాస్త చలికి నారు ఆలస్యమవుతుంది, అంతే. వేడికైతే మిగలదు.

నారుకుళ్ళు రాకుండా

మూసిన గదిలో తేమ ఎక్కువై మొక్క మొదలు కుళ్ళి పడిపోతుంది. కిలో విత్తనానికి 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె పట్టించి విత్తండి. నీళ్ళు మితంగా పోయండి. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపండి. టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తుంది. నాటే ముందు వారం రోజులు ట్రేలను పగలు బయట పెట్టి చలిగాలికి అలవాటు చేయండి.

ప్రభుత్వ సాయం సంగతి

సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ (ఎంఐడీహెచ్) 2014-15 నుంచి నడుస్తోంది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. అందులో "రక్షిత సాగు" కింద గ్రీన్‌హౌస్‌లు, షేడ్‌నెట్‌లకు ప్రభుత్వం నిర్ణయించిన వ్యయంలో 50 శాతం వరకు సాయం ఉంటుంది. ఇది పొలంలో, నిర్ణీత నమూనా ప్రకారం కట్టే పెద్ద నిర్మాణాలకు ఉద్దేశించింది. పెరట్లో మట్టి, వెదురుతో కట్టే ఈ చిన్న గదికి సబ్సిడీ వస్తుందని లెక్క వేసుకుని అప్పు చేయకండి. ఒకటి రెండు చలికాలాలు చిన్న గదిలో చేయి తిరిగాక, పెద్దదానికి దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

ఎవరిని కలవాలి: ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను, తెలంగాణలో ఏఈఓను లేదా ఉద్యాన అధికారిని. గిరిజన రైతులు పాడేరు, ఉట్నూరు ఐటీడీఏ కార్యాలయాల్లో కూడా అడగవచ్చు.

దగ్గర ఉంచుకోవాల్సినవి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాస్‌బుక్ లేదా అటవీ హక్కుల పట్టా, కుల ధ్రువీకరణ పత్రం, ఫొటోలు, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు.

వరుస తప్పకండి: దరఖాస్తు, పొలం పరిశీలన, మంజూరు పత్రం, ఆ తర్వాతే పని. ముందే కట్టేసి తర్వాత బిల్లు పెడితే సాయం అందదు. చిన్న గది ఖర్చుకు సంఘం అంతర్గత అప్పు, స్త్రీనిధి గురించి మీ వీఓలో మాట్లాడండి.

మీరు అడిగే ప్రశ్నలు

"బాగా చలేస్తే లోపల కుంపటి పెట్టొచ్చా?"
వద్దు. మూసిన గదిలో బొగ్గుల పొగ మనిషి ప్రాణం తీస్తుంది, వాసన కూడా తెలియదు. ఇంకో పొర గోనెపట్టా కప్పండి, డబ్బాలు పెంచండి.

"ఎండాకాలం ఏం చేయాలి?"
మార్చి రాగానే షీటు విప్పి, కడిగి, నీడలో చుట్టి పెట్టండి. దాని బదులు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ వేయండి. వానాకాలం నారుకు షీటు మళ్ళీ వేసి, కిటికీలు రెండూ తెరిచే ఉంచండి. తుపాను హెచ్చరిక వస్తే షీటు దించేయండి.

"మాది గుంటూరు వైపు. మేమూ కట్టుకోవచ్చా?"
మీకు చలి సమస్య కాదు, ఎండ సమస్య. మీకు కావాల్సింది షేడ్‌నెట్, వేడి దాచే గది కాదు.

"మంజూరు చేయిస్తానని ఒకాయన డబ్బులు అడుగుతున్నాడు అన్నా, ఇవ్వాలా?"
ఇవ్వొద్దు. మధ్యవర్తికి కట్టాల్సిన ఫీజేమీ లేదు. ఓటీపీ, ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పకండి. రైతు వాటా ఏదైనా ఉంటే అధికారిని అడిగి, రసీదు తీసుకునే కట్టండి.

నవంబరు మొదటి వారానికి గోడ ఆరి, షీటు పడేలా చూసుకోండి. అందుకు దసరా అయ్యాక, వానలు తగ్గగానే పునాది తవ్వాలి. విత్తనం పెట్టేముందు మూడు రోజులు ఖాళీ గదిలో థర్మామీటరు పెట్టి తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి రాసుకోండి. తెల్లవారుజామున బయటి కంటే లోపల వెచ్చగా ఉంటే, మధ్యాహ్నం కిటికీలు తీయగానే వేడి దిగుతుంటే గది సిద్ధమైనట్టే. అప్పుడు విత్తండి.