నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన మాత్ర

అమ్మడూ,

బిడ్డ కోసం చూస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మాత్రల సంగతి నెల తప్పాక చూసుకోవచ్చులే అని మన ఇళ్లలో ఆడవాళ్లు అనుకుంటారు. ఫోలిక్ యాసిడ్ మాత్రకు అంత వ్యవధి ఉండదు.

బిడ్డకు మెదడు, వెన్నుపాము అయ్యే నాళం పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్న సంగతే తెలియదు. నాళం సరిగా మూసుకోకపోతే వెన్నులో లోపంతో బిడ్డ పుట్టవచ్చు, పుర్రె ఏర్పడకపోతే బతకడం కష్టం. ఇలాంటి కాన్పు ఒకసారి జరిగిన తల్లులపై బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో పరిశోధన చేసి, 1991లో ఫలితం ప్రకటించింది. గర్భం రాకముందునుంచీ ఫోలిక్ యాసిడ్ వాడినవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. అందుకే గర్భం రావడానికి కనీసం ఒక నెల ముందునుంచి మూడో నెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. మందుల షాపులో 5 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఉంటుంది. షుగరు ఉన్నవారికి, కొన్ని మూర్ఛ మందులు వాడేవారికి, ముందు కాన్పులో ఈ లోపం వచ్చినవారికి డాక్టర్లు రాసే మోతాదు అది. ఎవరో వాడారని కొనుక్కోకూడదు.

ఈ విటమిన్ కథ మొదలైంది మన దేశంలోనే. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1928లో బొంబాయి వచ్చి, మిల్లు కార్మికుల్లో గర్భిణుల ప్రాణం తీస్తున్న రక్తహీనతకు కారణం వెతికింది. వాళ్లు ఏం తింటున్నారో ఆరా తీసింది. ఈస్ట్ సారం తినిపిస్తే కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో పనిచేసింది ఫోలేట్ అని తర్వాత తేలింది. 1941లో దాన్ని పాలకూర నుంచి వేరుచేశారు.

ఇక ఐరన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని భయపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాటతో మాత్రలు మానేసిన ఆడపిల్లలను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది! నల్లబడేది విరేచనం. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది.

వికారంగా ఉంటే ఐరన్ మాత్ర రాత్రి భోజనమయ్యాక వేసుకోవచ్చు. మాత్రకు అటూ ఇటూ ఓ గంట టీ, కాఫీ తాగకూడదు. నిమ్మరసం తాగితే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి.

మీ అత్తవారింట్లో మాంసం, గుడ్డు ముట్టరు కాబట్టి బి12 పరీక్ష తప్పకుండా చేయించాలి. బి12 లోపం ఉంటే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే రక్తం సంగతి సర్ది, నరాల దెబ్బను కనపడనీయదు. బలానికని ఇంట్లో ఉన్న మల్టీవిటమిన్, చేప కాలేయపు నూనె క్యాప్సూల్స్ మింగొద్దు. రెటినాల్ రూపంలోని విటమిన్ ఎ మోతాదు మించితే బిడ్డకు అంగలోపాలు రావచ్చు.

కాన్పయ్యాక అందరి కళ్లూ బిడ్డ మీదే. పథ్యమని ఆకుకూరలు, పండ్లు ఆపేస్తారు, మాత్రల డబ్బా అలమారలోకి పోతుంది. రక్తం పోయి, పాలిస్తున్న బాలింతకు అది అన్యాయం. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్, ఆరు నెలలు కాల్షియం వాడాలని మన ప్రభుత్వ వైద్య నియమాలే చెబుతున్నాయి.

ఈ వారంలోనే అల్లుడిగారితో కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకుని ఫోలిక్ యాసిడ్ రాయించుకో.

మీ పెద్దమ్మ