సున్నా ఘాతం విలువ ఒకటే ఎందుకు?

సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్ట మీది విద్యా సరస్వతి గుడికి పిల్లల అక్షరాభ్యాసం కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కూడా ఆ పిల్లల్లా ఒకసారి పలక పట్టి ఈ వరుస రాయాలి: 16, 8, 4, 2. ఘాతాల్లో ఇవే 2⁴, 2³, 2², 2¹. ఘాతాంకం ఒకటి తగ్గినప్పుడల్లా విలువ సగమవుతోంది. ఇంకో మెట్టు దిగితే 2లో సగం 1. అదే 2⁰. మరో మెట్టు దిగితే అర, అంటే 2⁻¹.

2³×2² అంటే మూడు రెళ్లు, మరో రెండు రెళ్లు; మొత్తం అయిదు రెళ్ల గుణకారం. అందుకే ఘాతాంకాలు కూడతాం. భాగహారంలో కొట్టివేతలు జరుగుతాయి కాబట్టి తీసేస్తాం. 5³÷5³ ఎలాగూ 1. ఈ తీసివేత న్యాయం ప్రకారం అదే 5⁰. సున్నాతో భాగించలేం కనుక భూమి, అంటే ఘాతాంకం కింది సంఖ్య, సున్నా కాకూడదు.

మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెనిగించిన 11వ శతాబ్దపు కవి పావులూరి మల్లన చదరంగపు 64 గళ్ల లెక్కను పద్యంలో పెట్టాడు. మొదటి గడిలో 1, ఆపై రెట్టింపు. ఆ మొదటి ఒకటే 2⁰! చివరి గడి 2⁶³. మొత్తం 2⁶⁴−1, అంటే 1,84,46,74,40,73,70,95,51,615. ఎంత అందమైన లెక్క!

పరీక్షలో తడబడే చోటు: (−3)⁰ = 1, కానీ −3⁰ = −1. గుర్తు కుండలీకరణం లోపల లేకపోతే ఘాతం దాన్ని తాకదు.