మందు మొక్కల తోట

ఇటలీ దేశంలో పాదువా అనే ఊరుంది. అక్కడ ఒక పాత విశ్వవిద్యాలయం ఉంది. అందులో వైద్యం కూడా నేర్పుతారు.

పూర్వం మందులు చాలావరకు ఆకులతో, వేర్లతో చేసేవాళ్లు. కానీ మొక్కను గుర్తుపట్టడం తేలిక కాదు. ఆ దేశంలో హెమ్లాక్ అనే మొక్క ఉంది. అది మన కొత్తిమీర జాతిదే. ఆకు చూస్తే మోసపోతాం. తింటే ప్రాణం పోతుంది. మందులు అమ్మేవాళ్లు కూడా ఒక వేరు అడిగితే ఇంకో వేరు అంటగట్టేవాళ్లు. వైద్యుడికే మొక్క తెలియకపోతే ఇక రోగి గతేం కాను?

ఫ్రాంచెస్కో బొనాఫెదె అనే పంతులుగారు అక్కడ మందు మొక్కల పాఠం చెప్పేవారు. పుస్తకం ఒక్కటే చాలదని, మొక్కను కళ్లారా చూపించాలని ఆయన ప్రభుత్వాన్ని అడిగారు. 1545లో తోట వేశారు. విద్యార్థులు మొక్క ముందు నిలబడి పాఠం నేర్చుకున్నారు.

అరుదైన మొక్కలకు ధర ఎక్కువ కదా! రాత్రిళ్లు దొంగలు పడ్డారు. అందుకని 1552లో తోట చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. మొక్క దొంగిలిస్తే జరిమానా, జైలు.

ఆ తోట ఇప్పటికీ అక్కడే ఉంది. 1585లో నాటిన తాటి జాతి చెట్టొకటి ఇంకా బతికే ఉంది. ఇప్పుడు విద్యార్థులే కాదు, బడిపిల్లలు, ఊరివాళ్లు కూడా వస్తారు. విషపు మొక్కలకు వేరే మడులున్నాయి. మొక్కల దగ్గర పేరు రాసిన చిన్న పలకలుంటాయి. ముందు పేరు చదువుతారు. తర్వాత మొక్కను చూస్తారు.