ఎండిన వాగులో దాగిన జీవము

చదువవలసిన భాగములు: 1 రాజులు 17:1-7, కీర్తనలు 51:17, యిర్మీయా 23:29



ఏలీయా దాహము తీర్చిన కెరీతు వాగు వర్షము లేక ఎండిపోయిన సంగతి మనకు తెలియును. మన పల్లెలలోను వేసవి వచ్చినప్పుడు వాగులు, కుంటలు ఎండి, అడుగుమన్ను నెఱ్ఱెలు విచ్చును. అక్కడ ఇక ప్రాణమున్నదని ఎవరును తలంపరు.

అయితే ఆ మంటిలో ఒక చిన్న మొక్క జీవము దాగియుండును. శాస్త్రజ్ఞులు దానిని మార్సీలియా అందురు. వరిమళ్లలోను, చెరువు అంచులలోను మీరు దానిని చూచియే యుందురు. ఒక్కొక్క కాడకు నాలుగేసి ఆకులు సిలువ ఆకారముగా అమరియుండును. రాత్రివేళ అవి ముడుచుకొనును. దీనికి పూవు లేదు, విత్తనము లేదు. నీరు తగ్గుచుండగా కాడల మొదట పెసరగింజలవంటి గట్టి కాయలు కట్టును. వాటిలో మిక్కిలి సన్నని బీజకణములు భద్రముగా నుండును. ఆకులు మాడిపోయినను ఆ కాయ అనేక సంవత్సరములు ఎండను ఓర్చుకొనును.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. నీరు నిండినంత మాత్రమున ఆ కాయ తెరచుకొనదు. గట్టి పెంకు నీటిని లోనికి రానీయదు. ఆ పెంకు ఒరసికొని గాని, పగిలి గాని, నాని చివికి గాని దారి ఇయ్యవలెను. అప్పుడు నీరు చొచ్చిన కొద్ది సేపటికే లోపలి జిగురు ఉబ్బి, పురుగువలె సాగి, బీజకణములను బయటికి మోసికొని వచ్చును. వాటినుండి క్రొత్త మొక్క పుట్టును.

మనలో కొందరము ఇరువది యేండ్లుగా ప్రతి ఆదివారము వాక్యమను నీటిలోనే యున్నాము. అయినను పొలము గట్టు తగాదా తీరలేదు. ఒకే గుడిలో కూర్చుండి, ఒకే బల్లయొద్దకు వచ్చియు, తోడి సహోదరునితో మాటలాడము. నీరు కొదువ కాదు, పెంకు పగులలేదు. విరిగిన హృదయమును దేవుడు త్రోసివేయడని దావీదు తన పాపమును ఒప్పుకొనిననాడు నేర్చుకొనెను. బండను బద్దలు చేయు సుత్తెవంటి వాక్యము మనయొద్ద నున్నది. దాని దెబ్బకు తప్పించుకొనకుము.

మరియొక మాట. గుడికి రాక మానిన కుమారుని తలంచి దుఃఖించు తల్లీ, నీ ప్రార్థన మానకుము. ఎండిన మన్ను చూచి జీవము లేదని తీర్పు తీర్చుట మన పని కాదు.

ఆలోచించుడి:
1. నా హృదయపు పెంకు ఏది?
2. వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు నేను ఎవరి యింటికి వెళ్లి సమాధానపడవలెను?