ఏ ఊరి లైను ఆ ఊళ్ళో ఉండనీ

అమ్మలూ,

విజయవాడ హెడ్డాఫీసునీ, విశాఖ, తిరుపతి బ్రాంచీలనీ ఐపీ మీద కలిపే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన డ్రాయింగు చూశాను. బాగానే గీశావు గానీ, బ్రాంచీల ల్యాండ్‌లైన్లు సరెండర్ చేసేసి, బయటి కాల్సన్నీ విజయవాడ నుంచే పంపుదామని రాసిన చోట ఆగిపోయాను. అద్దె మిగులుతుందని నీ లెక్క. ఆ పని చెయ్యకు.

తిరుపతి ఆఫీసులో పొగ లేచి ఎవరో 101 నొక్కారనుకో. కాల్ నీ లింకెక్కి విజయవాడ వచ్చి, ఇక్కడి లైన్లోంచి బయటపడుతుంది. మోగేది విజయవాడ ఫైర్ స్టేషన్లో! పైగా చట్టం ఒకటుంది. మన ఆఫీసుల మధ్య మనం ఎంత మాట్లాడుకున్నా ఫర్వాలేదు. బయటి లైను కాల్‌ని ఐపీ లింకు మీద వేరే ఊరికి దాటిస్తే మాత్రం టోల్ బైపాస్ (దూరపు కాల్ చార్జీ ఎగ్గొట్టడం) కిందికొస్తుంది. ఆ రెంటి మధ్య గోడ కట్టడానికే ఆఫీసు ఎక్స్ఛేంజీల్లో లాజికల్ పార్టిషనింగ్ అని ఒకటి పెట్టారు. మీ కాన్ఫిగరేషన్‌కి ఏది కుదురుతుందో టెలికాం కంపెనీ చేత కాగితం మీద రాయించుకో, నోటిమాట నమ్మకు.

రాగి తీగ లైను ఇంకా ఉన్న చోట ఒక మామూలు ఫోను నేరుగా దానికే తగిలించు. దానికి కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచే, 48 వోల్టులు, వస్తుంది. మీ ఐపీ ఫోన్లు స్విచ్చి ఆరితే బొమ్మలే.

స్పీడు చాలదేమోనని బెంగ పడుతున్నావు, అనవసరం. జి.711లో 20 మిల్లీసెకన్లకోసారి 160 బైట్ల మాట, దానిమీద 40 బైట్ల చిరునామాలు బయల్దేరతాయి. ఈథర్నెట్ బరువు కూడా కలిపితే కాల్‌కి పోనూ రానూ చెరో 87 కిలోబిట్లు. పదిమంది ఒకేసారి మాట్లాడినా ఒక మెగాబిట్టు లోపే. చిక్కంతా వరసలో ఉంది. ఒక చోట ప్రతి నెలాఖరు సాయంత్రం మాటలు ముక్కలు ముక్కలయ్యేవి. నేను రెండు రోజులు కేబుళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాను. మూడోరోజు అక్కడి అకౌంటెంటు టీ తాగుతూ, ‘ఆ టైముకి నేను బ్యాకప్ అప్‌లోడ్ పెడతానండీ’ అన్నాడు. అదీ సంగతి. వాయిస్ ప్యాకెట్లకి డీఎస్‌సీపీ 46 ముద్ర వెయ్యి. మామూలు ఇంటర్నెట్‌లో ఆ ముద్రని బయట ఎవరూ పట్టించుకోరు కాబట్టి, మీ రౌటర్లోనే అప్‌లోడ్ పరిమితిని అసలు స్పీడు కన్నా కాస్త తక్కువకి బిగించి, మాటని ముందు పంపు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటిందా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతారు.

గంట మోగుతుంది, ఎత్తుతారు, ఒకవైపే వినిపిస్తుంది. ఇది నీకు తప్పకుండా ఎదురవుతుంది. కాల్ కలిపే సిప్ కబురు ఉత్తరం లాంటిది. దారిలో రౌటరు కవరు మీది అడ్రసు మారుస్తుంది, లోపలి కాగితంలో మాత్రం ‘జవాబు 192.168 కి రాయండి’ అనే ఉంటుంది. అవతలివాళ్ళ మాట ఆ అడ్రసు వెతుక్కుంటూ పోయి దారి తప్పుతుంది. కొన్ని రౌటర్లు సిప్ ఏఎల్‌జీ పేరుతో కాగితం కూడా తామే దిద్దబోయి ఇంకా చెడగొడతాయి. దాన్ని ఆపేసి, మూడు ఆఫీసుల మధ్యా వీపీఎన్ వేసుకో. 5060 పోర్టు బయటి ప్రపంచానికి తెరిచి పెట్టకు. ఒక ఆఫీసులో 205 ఎక్స్‌టెన్షన్‌కి పాస్‌వర్డు కూడా 205 అనే పెట్టారు. ఆదివారం రాత్రి ఎవడో దూరి, తెల్లారేదాకా విదేశాలకి కాల్స్ చేసుకున్నాడు.

నంబర్ల విషయం. మూడు ఆఫీసుల్లోనూ 201 ఉంది కదా, అవి మార్చకు. పక్క ఊరికి చేసేటప్పుడు ముందు ఒక అంకె చేర్చేలా పెట్టు: విజయవాడకి 6, విశాఖకి 7, తిరుపతికి 8. ఆపరేటరమ్మ టేబులు అద్దం కింద పెట్టుకున్న జాబితా అలాగే పనికొస్తుంది. 2తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లు పెట్టావంటే, 201 నొక్కినా నాలుగో అంకె కోసం ఆఫీసు ఎక్స్ఛేంజీ ఎదురుచూస్తూ ఉంటుంది, ఆవిడ నిన్ను తిడుతుంది.

అంతా అయ్యాక ఒక ఆదివారం వెళ్ళి లింకు కేబుల్ నువ్వే పీకెయ్. తర్వాత సెల్లో విశాఖకీ తిరుపతికీ చేసి, టేబులు ఫోను నుంచి బయటికి కాల్ పోతోందో లేదో చూడమను. ఏమైందో ఆ సాయంత్రమే నాకు చెప్పు.

మామయ్య